రికార్డు మేడం విదేశయాత్ర

2024 నవంబరు 18, సోమవారం, ఉదయం 9 గంటల 40 నిమిషాలు. వేల్స్ దేశపు వాయవ్య తీరంలో ఒక చిన్న ఊరి ద్విభాషా పాఠశాల. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో వెనక వరుసలో ఎత్తయిన స్టూలు మీద కూర్చుని, రెండు బడుల ఒప్పందం మీద పాఠాలు చూడడానికి వచ్చిన శివపార్వతి ఆ గదిలోని తప్పులు లెక్కపెడుతోంది. అప్పటికి పదకొండు తేలాయి.

ఇరవై నలుగురు పిల్లలు. ఏడుగురి చొక్కాలు బయటికి వేలాడుతున్నాయి. ముగ్గురు ఏదో నములుతున్నారు. లఘులోలకం పొడవును గుండు మధ్యభాగం వరకు కొలవాలి కదా, రెండు జట్లు గుండు పైభాగం దగ్గరే ఆపేశాయి. ఒక పిల్ల రీడింగులను అరచేతి మీద పెన్నుతో రాసుకుంటోంది. దెబ్బలాడుకోవడం తమ దేశభాష వెల్ష్‌లో, రాసుకోవడం ఇంగ్లీషులో. వాళ్ల టీచరు నెరిస్ ఒక వాక్యాన్ని ఒక భాషలో మొదలుపెట్టి రెండో భాషలో ముగిస్తోంది. రెండు భాషల్లో బోధించడమంటే ఒకే పాఠాన్ని రెండుసార్లు చెప్పడమని శివపార్వతి అనుకుని వచ్చింది. ఇక్కడ ఒక్కసారైనా పూర్తిగా చెప్పినట్టు ఆమెకు కనిపించలేదు.

అరచేతి మీద రాసుకున్న పిల్లకు ఇరవై డోలనాలకు 40.8 సెకన్లు పట్టింది. లెక్క వేస్తే గురుత్వ త్వరణం, సెంటీమీటర్లలో, 949 వచ్చింది. రావలసింది 981. నెరిస్ ఆ 949ని బోర్డు మీద పెద్దగా రాసి, దాని చుట్టూ గీత గీసి, ఎందుకు ఇలా వచ్చి ఉంటుందని అడిగింది. పిల్లలు ఇరవై రెండు నిమిషాలు వాదించుకున్నారు. ఒక తప్పు జవాబుకు ఇరవై రెండు నిమిషాలు! అంత వ్యవధిలో శివపార్వతి తరగతిలో ఉద్దేశం నుంచి ఫలితం దాకా ఒక ప్రయోగం మొత్తం రికార్డులోకి ఎక్కి, కింద గీత కూడా పడిపోతుంది.

ఆమె పుట్టింది రేపల్లెలో, మెట్టింది తెనాలిలో, ఉద్యోగం బాపట్లలో. వయసు యాభై మూడు. పన్నెండో తరగతి వరకు ఉన్న ఒక ప్రైవేటు బడిలో ఇరవై ఏడేళ్లుగా భౌతికశాస్త్రం చెబుతోంది. అసలు పేరు హాజరుపట్టీలో ఉంటుంది. పిల్లల నోట, తోటి ఉపాధ్యాయుల నోట ఆమె రికార్డు మేడం. 1998లో ఆమె తన చేత్తో ఒక మోడల్ రికార్డు రాసింది. అందులో పన్నెండు ప్రయోగాలు, ఒక్క కొట్టివేత లేదు. లోలకం ప్రయోగానికి ముందుగా 981 రాసుకుని, అక్కడినుంచి వెనక్కి లెక్కగట్టి కాలాలను పుట్టించింది. మరీ ఒకేలా ఉంటే చూసేవాళ్లకు అనుమానం వస్తుందని చివరి అంకెలను కొంచెం అటూ ఇటూ చల్లింది. ఆనాటి నుంచి ప్రతి బ్యాచీ దానినే ఎత్తి రాస్తోంది. గుండు ఏడాదికొక రోజు ఊగుతుంది, అదీ ఫోటో కోసం. పరీక్షకు వచ్చే బయటి లెక్చరర్లు ఆ రికార్డుల అట్టలు నిమిరి, సంతకం చేసి, భోజనానికి లేస్తారు. దీన్ని ఆమె ఎన్నడూ అబద్ధమనుకోలేదు. శుభ్రత అనుకుంది.

రెండో వారం చివర, నవంబరు 29న, వీడ్కోలు టీ దగ్గర నెరిస్ ఒక ప్రతిపాదన చేసింది. రెండు బడుల పిల్లలూ ఒకే పొడవు లోలకంతో యాభై డోలనాలు కొలవాలి. ఎవరికి వచ్చిన విలువలను వాళ్లు ఒకే ఉమ్మడి పట్టికలో రాయాలి.

“భూమి ఆకర్షణ అన్ని ఊళ్లలో ఒక్కటి కాదని పిల్లలు తమ చేతులతో కనుక్కోవాలి. తేడా ఎంతో నేను వాళ్లకు చెప్పను. మీరూ చెప్పకండి” అంది నెరిస్.

శివపార్వతి తల ఊపింది. గురుత్వ త్వరణం ధ్రువాల దగ్గర ఎక్కువ, భూమధ్యరేఖ దగ్గర తక్కువ. ఏటా ఆమె వల్లె వేయించే రెండు మార్కుల ప్రశ్న అది.

తిరిగివచ్చాక సన్మానాలు మొదలయ్యాయి. తెనాలిలో ఆమె ఉండే కాలనీవాళ్లు ఒక శాలువా కప్పారు. రేపల్లె పూర్వ విద్యార్థులు ఇంకొకటి కప్పి, ఫ్లెక్సీలో ఆమె ఫోటో పక్కన లండన్ గడియారపు స్తంభాన్ని నిలబెట్టారు. లండన్‌లో ఆమె ఉన్నది విమానం మారడానికి పట్టిన మూడు గంటలే.

“అక్కడి పిల్లలు ఇంగ్లీషు ఎంత బాగా మాట్లాడతారో చెప్పండి మేడంగారూ!” అని రేపల్లె సంఘం అధ్యక్షుడు మైకు అందించాడు.

“వాళ్లు ఇంట్లో వెల్ష్ మాట్లాడుకుంటారండి.”

అధ్యక్షుడు చప్పట్లు కొట్టాడు. సభ మొత్తం కొట్టింది. చప్పట్లు ఆగేలోపు, ఈ సభలో అక్షాంశానికీ రేఖాంశానికీ తేడా తెలిసినవాళ్లు ఎందరని ఆమె వరసల వెంట చూపు పోనిచ్చింది. లెక్కకు ఒక్క చేతి వేళ్లు సరిపోతాయనిపించింది.

ఇంట్లో ఆమె భర్త వెంకటప్పయ్య శాలువాలు మడతపెడుతూ, “ఏమే, అక్కడ కూడా రికార్డులు దిద్ది వచ్చావా?” అన్నాడు.

“దిద్దడానికి ఉంటేగా” అందామె.

డిసెంబరు 9న పదకొండో తరగతి పిల్లలు ముప్పై రెండు మందీ ఉమ్మడి పట్టిక నింపారు. కొలవండి అని ఆమె చెప్పిన మాట నిజమే. వాళ్లు అలవాటు ప్రకారం మోడల్ రికార్డు తెరిచారు. అదీ ఆమె చూసింది. ముప్పై రెండు విలువలూ 980కీ 982కీ మధ్య బుద్ధిగా కూర్చున్నాయి. పక్క నిలువు వరుసలో వేల్స్ పిల్లల విలువలు 938 నుంచి 1012 దాకా చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. రెంటినీ పోల్చుకుని ఆమె తృప్తిగా పంపేసింది.

డిసెంబరు 12, గురువారం. తెనాలి నుంచి రోజూ ఎక్కే రైలు అప్పికట్ల స్టేషను దాటాక ఆమె ఫోన్‌కు నెరిస్ జవాబు వచ్చింది. రెండే వాక్యాలు. మీ పట్టిక చాలా అందంగా ఉంది. బాపట్ల మా ఊరి అక్షాంశం మీదే ఉందా అని మా పిల్లలు అడుగుతున్నారు.

అందులో ఎత్తిపొడుపు లేదు. అది ఇంకా భరించలేని సంగతి. వేల్స్‌లోని ఆ ఊరు 53 డిగ్రీల దగ్గర ఉంది, బాపట్ల 16కు కాస్త ఇవతల. 981 అక్కడి విలువ, బాపట్లలో నిజంగా కొలిస్తే రావలసింది 978. రెండు మార్కుల ప్రశ్నకు జవాబు అదే. ఇరవై ఆరేళ్లు ఆ జవాబును ఒక పుస్తకంలో వల్లె వేయించి, పక్క పుస్తకంలో బాపట్లను తీసుకెళ్లి వేల్స్‌లో పెట్టింది. సుమారు ఎనిమిది వందల రికార్డుల్లో. బయటి లెక్చరర్లలో ఒక్కడూ కనిపెట్టలేదు. వాళ్ల మీద ఆమెకు ఎప్పుడూ గౌరవం లేదు. ఆ వరసలో చివర తనకూ ఒక కుర్చీ వేసుకోక తప్పలేదు.

బడికి రాగానే కరస్పాండెంట్ మోహనకృష్ణ గదికి వెళ్లింది. అతనికి నలభై దాటలేదు. తండ్రి నుంచి రైసుమిల్లూ, మామ నుంచి ఈ బడీ వచ్చాయి. గది బయట గోడ మీద, తెలుగులో మాట్లాడరాదని ఇంగ్లీషులో రాసిన బోర్డు ఉంది. లోపల బల్ల మీద, అంతర్జాతీయ ద్విభాషా పాఠశాల అని అచ్చువేయించబోయే బ్రోచర్ నమూనా ఉంది.

“ఏంటి మేడంగారూ, పొద్దున్నే మొహం అట్టా ఉంది? ఆ చలికి జలుబేమన్నా పట్టిందా?”

ఆమె ఫోన్ అతని ముందు పెట్టింది. అతను చదివి నవ్వాడు.

“ఊరెక్కడుందని అడిగారు, అంతేగా. మ్యాపు పంపిద్దాం.”

“అడిగింది ఊరి సంగతి కాదండి. మనం పంపిన అంకెలు ఈ ఊళ్లో రావు. ఇక్కడ 978 రావాలి. మనవాళ్లందరికీ 981 వచ్చింది.”

“ఎక్కువొస్తే మంచిదేగా మేడంగారూ?”

“అవి మార్కులు కాదండి.”

“సరే, 978 అయితే 978 వేసేయండి. టైపింగులో తప్పు పడిందని రాద్దాం. అందరికీ ఒకటే వేస్తే బాగోదు. ఒకళ్లకి 977, ఇంకోళ్లకి 979, అట్టా కాస్త అటూ ఇటూ చల్లండి. సహజంగా ఉంటది.”

చల్లండి అన్న మాట దగ్గర ఆమె అతని వైపు తలెత్తి చూసింది. బ్రోచర్‌ను బోర్లించి కాఫీ కప్పు కింద పెట్టుకునే ఈ మనిషికి, తాను 1998లో మూడు రోజులు కూర్చుని కనిపెట్టిన పద్ధతి, ఒక్క నిమిషంలో తట్టింది. అంత సులువైన పని అన్నమాట.

“కొలవలేదని రాస్తానండి. మళ్లీ కొలిచి పంపుతాను.”

“ఎవరు కొలవలేదని?”

“మేము.”

“మేమంటే స్కూలండి!” అతని నవ్వు పోయింది. “బ్రోచర్ రేపో మాపో ప్రెస్సుకి పోతది. అందులో వాళ్ల పేరు, మన పేరు పక్కపక్కన వేయించాం. మార్చిలో మీ కొనసాగింపు ఆర్డరు మీద సంతకం పెట్టాల్సింది నేనే. మర్చిపోలేదుగా?”

“లేదండి” అంది శివపార్వతి. ఏటా మార్చిలో ఆ సంతకం కోసం ఈ గదిలో నిలబడడం ఆమెకు బాగా జ్ఞాపకముంది.

మర్నాడు ఉదయం ఆమె లాబ్ అటెండరు నరసింహాన్ని పిలిచింది. “నరసింహంగారూ, స్టాండ్లు, గుండ్లు, దారం బయట పెట్టండి.”

“ఫోటోలు తీస్తారాండి?”

“కొలుస్తాం.”

“నిజంగానేనాండి?” పంతొమ్మిదేళ్ల సర్వీసులో అతను ఈ ప్రశ్న అడగవలసిన అవసరం రాలేదు. ఎనిమిది స్టాప్‌వాచీల్లో మూడే బతికి ఉన్నాయి. దారం ఎలకలు కొరికేశాయి. చీరాలలో మగ్గం ఉన్న తన బావమరిది ఇంటినుంచి తెచ్చుకున్న నూలు ఉండ ఒకటి అతని సంచిలో ఉంటే, అదే తీశాడు. దారం సాగుతుంది కనుక గుండు వేలాడదీశాకే పొడవు కొలవాలి. మోడల్ రికార్డులో అది నాలుగో జాగ్రత్త. దాన్ని పాటించడం ఆ గదిలో అదే మొదలు.

గాలి తగలకూడదని ఫ్యాన్లు ఆపించి, కిటికీలు మూయించింది. డిసెంబరైనా పిల్లలకు చెమటలు పట్టాయి. రికార్డులన్నీ సంచుల్లో పెట్టమంది.

“ఎంత రావాలండి మేడమ్?” అని సునీల అడిగింది. తరగతిలో మొదటి ర్యాంకు ఆ పిల్లదే.

“ఎంత వస్తే అంత.”

“అంటే... ఆన్సర్ ఎంతండి?”

“నాకు తెలియదు.”

తరగతి ఘొల్లున నవ్వింది. మేడం నవ్వకపోవడం చూసి సగంలో ఆపింది.

పదహారేళ్ల పిల్లలకు యాభై లెక్కపెట్టడం రాదని ఆమెకు ఆ గంటలో తెలిసింది. గుండు వదిలేటప్పుడు సున్నా అనాలి. సగం మంది ఒకటి అన్నారు. అంటే ఊగింది నలభై తొమ్మిదే. ఇద్దరు మధ్యలో కబుర్లలో పడి ముప్పైలను రెండుసార్లు అన్నారు. చొక్కాలు మాత్రం అందరివీ లోపలికే ఉన్నాయి. ఇంత తెలివితక్కువ తరగతిని ఎవరు తయారుచేశారా అని విసుక్కోబోయింది. తయారుచేసిన మనిషి కోసం గది దాటి వెతకనక్కరలేదు.

బిందు అనే పిల్లకు 101.4 సెకన్లు వచ్చింది. లెక్క వేస్తే 960. రబ్బరు తీసింది.

“ఏంటది?” అంది శివపార్వతి.

“తప్పొచ్చిందండి. చెరిపేసి మళ్లీ వేస్తానండి.”

“మళ్లీ కొలువు. మొదటిది చెరపకు.”

“రెండూ ఉంటే ఏది కరెక్టో తెలియదుగా మేడమ్?”

“తెలియదు.”

“మరి రికార్డు పాడైపోదాండి?”

“పోనీ.”

బిందు రబ్బరును పెట్టెలో పెట్టింది కానీ మూత వెయ్యలేదు.

మూడు స్టాప్‌వాచీలతో ముప్పై రెండు మందికీ పూర్తయ్యేసరికి శనివారం మధ్యాహ్నమైంది. సునీల సగటు గట్టి కాగితం తెచ్చింది. ముందురోజు రాత్రి ఇంట్లో ఫోన్‌లో చూసి, బాపట్లకు ఎంత రావాలో తెలుసుకుని వచ్చిందా పిల్ల.

“మేడమ్, 978 రావాలండి. బిందూదీ, ఇంకో నలుగురివీ బాగా తక్కువొచ్చాయి. ఆ అయిదూ తీసేస్తే సరిగ్గా వచ్చేస్తదండి!”

“పైన ఎక్కువొచ్చినవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లను తీసెయ్యలేదేం?”

“వాళ్లను తీస్తే మళ్లీ తగ్గిపోద్ది కదండి” అంది సునీల, ఇంత చిన్న విషయం మేడంకి తెలియదా అన్నట్టు.

ఆ పిల్ల లెక్కలో ఒక్క పొరపాటు లేదు. మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తూ నిలబడి ఉంది. ఇంత చక్కగా నేర్చుకున్న శిష్యురాలు శివపార్వతికి ఇంతకు ముందు దొరకలేదు.

“ముప్పై రెండూ ఉంచు. వెళ్లు.”

నరసింహం స్టాండ్లు సర్దుతూ గొంతు తగ్గించి, “మూడు నాలుగు అంకెలే కదమ్మా తేడా. పిల్ల చెప్పింది వినండి. కరస్పాండెంటుగారు ఊరుకోరు” అన్నాడు.

“మీరు ఫ్యాను వెయ్యండి నరసింహంగారూ. ఉక్కగా ఉంది.”

అతను ఫ్యాను వేశాడు. ఆమె నెరిస్‌కు ఉత్తరం టైపు చేసింది. డిసెంబరు 9న మేము పంపిన ముప్పై రెండు విలువలు కొలిచినవి కావు. 1998లో నేను కల్పించి రాసిన ఒక పుస్తకం నుంచి పిల్లలు ఎత్తి రాసినవి. అలా రాయడం వాళ్లకు నేర్పింది నేను. ఈ రెండు రోజుల్లో కొలిచినవి జతచేశాను. క్షమించండి అన్న మాట రాసి, కొలతకు అది పనికిరాదని తీసేసింది. ఒక నకలు మోహనకృష్ణకు వెళ్లేలా అతని చిరునామా కూడా చేర్చింది.

4 గంటల 25 నిమిషాలకు పంపింది. జతచేసిన పట్టికలో, అడుగున, సగటు గడిలో: 974.6