జారడానికి ఒక చోటు

తిరువూరులో మంచు అంటే ధనుర్మాసంలో పొద్దున్నే స్కూటర్ సీటు మీద పట్టేది. గుడ్డతో తుడిస్తే పోతుంది. అలాంటి ఊళ్ళో ఉంటూ, నలభై ఎనిమిదేళ్ళ వయసులో, కాళ్ళకి పొడుగాటి బద్దలు కట్టుకుని కొండ మీద నుంచి మంచులో జారాలని మేం నలుగురం నిర్ణయించుకున్నాం. ఆ నిర్ణయానికి పావుగంట పట్టింది. ఎక్కడ జారాలన్నది తేలడానికి నెల రోజులు పట్టింది.

నేను డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. మనిషికి తనకేం కావాలో తెలుసనీ, ఎదురుగా ఉన్నవాటిలో మేలైనదాన్ని ఎంచుకుంటాడనీ మా సబ్జెక్టులో మొదటి పాఠం. ఇరవై ఏళ్ళుగా చెబుతున్నాను. ఆ నెల రోజుల తర్వాత కూడా చెబుతున్నాను. కాకపోతే ఆ పాఠాన్ని కొంచెం త్వరగా ముగిస్తున్నాను.

అసలు కోరిక మా నలుగురిలో మామిడి తోట ఉన్నవాడిది. వాడి తోట రెడ్డిగూడెం దగ్గర. ఎవరో పెద్దాయన, మా నాన్న ఈడువాడు, తెల్లటి కొండ మీద నుంచి మెలికలు తిరుగుతూ దిగిపోయే వీడియో ఒకటి వాడి ఫోన్లో ఉంది. రెండేళ్ళుగా కనబడినవాడికల్లా చూపిస్తున్నాడు. మంచు ఉండేది చలికాలంలో. మామిడి పూత వచ్చేదీ చలికాలంలోనే. పూత మీద ఉన్న తోటని వదిలి రైతు పక్క ఊరు పెళ్ళికి కూడా వెళ్ళడు, వెళ్ళినా భోజనానికి ఆగడు.

ఆ ఏడాది వాడికి కుడి భుజం పట్టేసింది. పూత రాకముందే తోటని గుత్తకి ఇచ్చేశాడు. అంటే మందు కొట్టడం, కాపలా, కోత అన్నీ గుత్తేదారు చూసుకుంటాడు. వీడు ఇంట్లో కాలు మీద కాలేసుకుని కూర్చోవచ్చు. వాళ్ళ నాన్న ఒక్క ఏడాదికే ఒప్పుకున్నాడు. "వచ్చే ఏడు మళ్ళీ మనమే చేసుకోవాలి, చెట్లు పరాయి చేతికి అలవాటు పడితే మన మాట వినవు" అన్నాడాయన. కాబట్టి వాడికి దొరికిన చలికాలం ఆ ఒక్కటే. అది తప్పితే మళ్ళీ ఎప్పుడని అడిగే ధైర్యం మాలో ఎవరికీ లేదు.

మా సమావేశాలు ఆదివారం మధ్యాహ్నాలు, బస్టాండు దగ్గర మాలో మూడోవాడి మందుల షాపులో, షట్టరు సగం దించి జరిగేవి. నాలుగోవాడు ఎ.కొండూరు హైస్కూల్లో లెక్కల మాస్టారు. చర్చి అయ్యాక ఇంట్లోవాళ్ళని ఆటో ఎక్కించి, బైబిలు సంచీతో నేరుగా వచ్చేవాడు. చర్చి కమిటీకి సెక్రటరీ కూడా కావడంతో ఏ విషయమైనా అజెండా లేకుండా మాట్లాడలేడు.

మొదటి ఆదివారం అజెండాలో మూడు చోట్లు ఉన్నాయి: గుల్మార్గ్, ఔలీ, మనాలీ. మూడూ బాగున్నాయని అందరూ అన్నారు. అక్కడే నాకు అనుమానం రావలసింది.

మా వైపు ఒక మర్యాద ఉంది. నలుగురు కూర్చున్నచోట ఎవరూ ఏదీ వద్దనరు. "నాదేముంది, మీ ఇష్టం" అంటారు. ఆ తర్వాత ఒక గుక్క టీ తాగుతారు. ఆ తర్వాత "కాకపోతే" అంటారు.

"గుల్మార్గ్ బ్రహ్మాండం," అన్నాడు మందుల షాపువాడు. "నాదేముందిరా, మీ ఇష్టం. కాకపోతే మా ఆవిడ టీవీ చూస్తది."

కాశ్మీరు గురించి టీవీలో ఏం వస్తుందో అందరికీ తెలుసు కాబట్టి మాస్టారు అజెండాలో తర్వాతి అంశానికి వెళ్ళాడు.

"ఔలీ మరీ బాగుంది. కాకపోతే రిషీకేశ్ నుంచి పది గంటలు ఘాట్ రోడ్డంట. నాకు విజయవాడ బస్సులో మైలవరం దాటితే కవరు కావాలి. అయినా మీ ఇష్టం. వాంతులదేముంది," అన్నాడు.

మనాలీ సంగతి నేనన్నాను. అక్కడ అడుగడుగునా కొత్త జంటలు ఫొటోలు దిగుతుంటారనీ, మధ్యలో మంకీ క్యాపులు పెట్టుకున్న మనం నలుగురం ఎందులోనూ బాగా పడమనీ. అందరూ నవ్వారు. మామిడి తోటవాడు అందరికంటే కొంచెం ఆలస్యంగా నవ్వాడు.

"నువ్వు చెప్పరా," అన్నాను వాడితో. "వీడియో చూపించింది నువ్వే కదా."

"నాదేముందిరా. మీరెటంటే అటు."

ఇలా మూడు ఆదివారాలు గడిచాయి. ప్రతిసారీ గుల్మార్గ్‌తో మొదలుపెట్టి మనాలీ మీదుగా టీ గ్లాసుల దగ్గర ఆగేవాళ్ళం. మందుల షాపువాడు మాత్రం ఈలోగా మంచు మీద విరగగల ఎముకల మీద మంచి పట్టు సాధించాడు. "మణికట్టు మొదటిది. తర్వాత మోకాలి లోపల నరం. తుంటి దాకా అరుదుగా వస్తది," అని ధైర్యం చెప్పాడు. నేర్పేవాళ్ళకి ఫోన్ చేస్తే ఫిబ్రవరి బ్యాచీలు నిండిపోతున్నాయన్నారు. రైలు టికెట్లు ఎలా అయిపోతున్నాయో చెప్పక్కర్లేదు. వీటన్నిటినీ నేను కొంత స్వరం పెంచి విన్నవించాను. అందరూ ఒప్పుకున్నారు. ఒప్పుకోవడంలో మావాళ్ళని మించినవాళ్ళు లేరు.

నాలుగో ఆదివారం మాస్టారు చర్చి కమిటీ పద్ధతి ప్రతిపాదించాడు. రహస్య బ్యాలెట్. ఎవరి మొహమాటం వాళ్ళ దగ్గరే ఉంటుంది, మనసులో ఉన్నది కాగితం మీదికి వస్తుంది. బిల్లు పుస్తకం చివరి పేజీని నాలుగు ముక్కలు చేశాం. దగ్గుమందు అట్టపెట్టె బ్యాలెట్ బాక్సు. ఒకరికొకరు వీపులు తిప్పుకుని రాశాం. ఆ సమయంలో తలనొప్పి మాత్ర కోసం షట్టరు కింద నుంచి వంగి చూసినాయన, మమ్మల్ని ఆ భంగిమలో చూసి, ఏమీ అడక్కుండా వెళ్ళిపోయాడు.

మాస్టారు చీటీలు విప్పి పైకి చదివాడు. గుల్మార్గ్ ఒకటి. మనాలీ ఒకటి. ఔలీ ఒకటి. నాలుగో చీటీలో 'మెజారిటీ ఎటంటే అటు' అని ఉంది.

మందుల షాపువాడు చీటీలు తన ముందుకి లాక్కున్నాడు.

"రహస్యంరా అది," అన్నాడు మాస్టారు.

"డాక్టర్ల రాత చదివి మందులిచ్చేవాణ్ణి. మీ రాత ఒక రహస్యమా? గుల్మార్గ్ నీదే కదరా, లెక్చరర్. నీకు గుల్మార్గ్ ఇష్టమని ఎప్పుడూ అన్లేదే?"

"నీకిష్టం కదాని రాశాను," అన్నాను. "మీ ఆవిడకి భయపడి పైకి చెప్పలేకపోతున్నావనుకున్నా."

"నాకిష్టమేంటి, ఆ పేరు వింటేనే నాకు నిద్ర పట్టట్లా. నేను ఔలీ రాశా. రైతు మనసులో ఔలీ ఉందేమోనని."

మనాలీ మాస్టారిది. కొత్త జంటల గురించి నేను అంత సేపు మాట్లాడానంటే నాకు అక్కడికే వెళ్ళాలని ఉండి ఉంటుందని ఆయన లెక్క. లెక్కల మాస్టారు కాబట్టి స్టెప్పులు కూడా వివరించబోయాడు, మేం వద్దన్నాం. నాలుగో చీటీ ఎవరిదో చూడాల్సిన పని లేదు. దాన్ని రాసినవాడు గోడ మీది క్యాలెండర్ని శ్రద్ధగా చదువుతున్నాడు.

రహస్యంగా అడిగినా తనకేం కావాలో రాసుకోలేని నలుగురు ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉంటారేమో నాకు తెలియదు. ఉంటే వాళ్ళు ఇంట్లోనే ఉంటారు. ఎక్కడికీ వెళ్ళి ఉండరు.

మర్నాడు కాలేజీకి సెలవు పెట్టి రెడ్డిగూడెం వెళ్ళాను. వాడి భార్య వాకిట్లో కందులు ఎండబోస్తోంది.

"తోటలో ఉన్నారన్నయ్యా."

"తోట గుత్తకిచ్చాడు కదమ్మా."

"ఇచ్చాకే ఎక్కువైంది. ముందు పొద్దున ఒకసారి వెళ్ళొచ్చేవారు. ఇప్పుడు మూడుసార్లు. ఆ గుత్తేదారు మొన్న నా దగ్గరికొచ్చి దణ్ణం పెట్టాడు, సార్‌ని కాస్త ఇంట్లో ఉంచండమ్మా అని."

వాడు చెట్ల మధ్య ఒక కొమ్మ వంచి పట్టుకుని నిలబడి ఉన్నాడు. పూత అప్పుడే గుత్తులు గుత్తులుగా బయటికొస్తోంది. నన్ను చూసి కొమ్మ వదిలేశాడు, పరాయివాళ్ళ తోటలో కాయ కోస్తూ దొరికినట్టు.

"తేనెమంచు పురుగు చూస్తున్నా," అన్నాడు. "ఇప్పుడు మందు పడకపోతే పూతంతా మాడిపోతది. వాడు ఎల్లుండి కొడతానంటున్నాడు. ఎల్లుండి మబ్బు."

"గుత్తేదారు చూసుకుంటాడు కదరా."

"వాడు కాయ చూసుకుంటాడు. చెట్టు నేను చూసుకోవద్దా?"

దానికి జవాబు ఎకనామిక్స్‌లో ఉంది కానీ, అక్కడ చెప్పేది కాదు. చెట్టు కింద కూర్చున్నాం. ఇక్కడ మాస్టారు లేడు, మందుల షాపు లేదు, టీ కూడా లేదు, తప్పించుకునే దారి లేదు, ఎక్కడికి వెళ్దామో చెప్పమన్నాను.

చాలాసేపు నేల మీద పుల్లతో గీతలు గీశాడు. చివరికి అన్నాడు.

"ఫోన్ పలికే చోటికి."

"ఏంటి?"

"గుల్మార్గ్‌లో మన ప్రీపెయిడ్ సిమ్ పన్జెయ్యదంట. ఆపిల్ లోడుకెళ్ళొచ్చిన లారీ డ్రైవర్ చెప్పాడు. వారం రోజులు ఇక్కడేం జరుగుతుందో తెలీకుండా నేనుండలేన్రా."

"మనాలీలో ఫోన్ బ్రహ్మాండంగా పలుకుతుంది."

"నీకు మనాలీ ఇష్టం లేదుగా. కొత్త జంటలన్నావు."

"అది జోకురా."

"నువ్వేది జోకో చెప్పవుగా."

ముప్పై ఏళ్ళ స్నేహంలో నా మీద వచ్చిన ఫిర్యాదుల్లో అది న్యాయమైనదే. దాన్ని పక్కన పెట్టి అసలు సంగతి అడిగాను.

"ఈ ముక్క నెల కిందట చెప్పడానికేం? నాలుగు ఆదివారాలు ఎముకల మీద క్లాసు విన్నాం."

"మీరంతా సరదా పడుతున్నారు కదా. నేను ఫోనూ పురుగూ అంటే ఏం బాగుంటది?"

"మాలో ఎవడూ సరదా పడట్లేదు. మాస్టారికి బస్సంటే భయం. షాపువాడికి అన్నీ భయమే. నాకు మెట్లు దిగుతుంటేనే మోకాలు కలుక్కుమంటుంది. నువ్వు ముచ్చట పడ్డావని మేం ముగ్గురం కాళ్ళు విరగ్గొట్టుకోడానికి సిద్ధమయ్యాం."

వాడు నా వైపు చూశాడు. ఈ సంగతి నిజంగానే వాడికి తట్టలేదని మొహం చూస్తే తెలిసింది.

"అయితే మానేద్దామా?" అన్నాను. ఆ ప్రశ్న నోట్లోంచి వచ్చాక భయపడ్డాను. "మీ ఇష్టం" అంటే అంతటితో అయిపోయేది.

"లేదురా," అన్నాడు. "నాకు జారాలనుంది."

తనకేదో కావాలని వాడు చెప్పగా వినడం అదే మొదటిసారి. ఆలస్యం చేస్తే మనసు మార్చుకుంటాడని వెంటనే మనాలీకి ఫోన్ చేశాను, బ్యాచీలన్నీ నిండిపోయాయన్నారు. ఔలీలో నేర్పేవాడికి కలిపాను. అతను కొండ మీదే ఉన్నట్టున్నాడు, గాలి హోరు వినిపిస్తోంది. నా హిందీ రెండో వాక్యానికే చతికిలబడింది. మావాడు ఫోన్ లాక్కున్నాడు. ఏటా ఢిల్లీ వ్యాపారులతో కాయ బేరాలాడే నోరు వాడిది.

"భాయ్‌సాబ్, బరఫ్ కీ బాత్ ఛోడియే. ఉధర్ టవర్ పకడ్తా హై క్యా?"

మంచు సంగతి వదిలేసి సిగ్నల్ గురించి అడగడం అవతలివాడికి కొత్త అయి ఉంటుంది. రెండుసార్లు అడిగించుకుని జవాబు చెప్పాడు. కొత్తవాళ్ళు నేర్చుకునే కింది వాలులో సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుందట. పైన బాగా ఉంటుందట. పైకి తీగకి వేలాడే కుర్చీల్లో తీసుకెళ్తారు కానీ, జారడం వచ్చినవాళ్ళనే అక్కడ వదులుతారట.

మావాడు ఫోన్‌కి చెయ్యి అడ్డుపెట్టి కాసేపు లెక్క వేసుకున్నాడు.

"రెండ్రోజుల్లో నేర్చుకుంటా," అన్నాడు నాతో. ఫోన్లో, "చార్ ఆద్మీ. లిఖ్ లో," అని మా నలుగుర్నీ రాసుకోమన్నాడు.

మిగతా ఇద్దర్నీ అడగలేదు. ఆ చెట్టు కిందే కూర్చుని నలుగురికీ ఢిల్లీ టికెట్లు తీసి, మా వాట్సాప్ గ్రూపులో పెట్టాను. మందుల షాపువాడు 'నేను ముందే ఔలీ అన్నాను' అని పెట్టాడు. మాస్టారు, తీర్మానం లేకుండా టికెట్లు తీయడం పద్ధతి కాదని పెట్టి, కింద వాంతుల మాత్రల పేరు అడిగాడు.

ఈలోపు మావాడు గుత్తేదారుకి ఫోన్ చేశాడు. ఫిబ్రవరిలో పది రోజులు ఊళ్ళో ఉండననీ, రెండు రోజులు ఫోన్ కలవకపోవచ్చుననీ, మూడో రోజు నుంచి పొద్దునా సాయంత్రం చేస్తాననీ చెప్పాడు. స్పీకర్ పెట్టకపోయినా అవతలి గొంతు నాకు స్పష్టంగా వినిపించింది.

"వెళ్ళిరండి సార్. నిదానంగా రండి. పది రోజులెందుకు, అంత దూరం వెళ్ళి, నెల రోజులుండి బాగా నేర్చుకునే రండి."

మా ప్రయాణాన్ని అంత మనస్ఫూర్తిగా దీవించినవాళ్ళు ఇంకెవరూ లేరు.