అన్న చిగుళ్ళలో ఆరు బెజ్జాలు

మా అన్న వెంకటప్పయ్య దాచేపల్లి దగ్గర సున్నపురాయి క్వారీలో ముప్ఫై ఒక్క ఏళ్ళు బెజ్జాలు వేశాడు. కంప్రెషర్ గొట్టం బిగించిన డ్రిల్లును ఒంటికి ఆనించుకుని రాతిలోకి నిలువునా దించడం ఆయన పని. రాయిని పేల్చే వాళ్ళు వేరే. "మనం బెజ్జం దాకే. ఆ తరవాత వాళ్ళ ఇష్టం, రాయి ఇష్టం" అనేవాడు. ఆయన పోయి పద్నాలుగు నెలలైంది. ఆయన గురించి చెప్పమని ఎవరైనా అడిగితే క్వారీ సంగతులతో మొదలుపెడతాను. చివరికి ఎప్పుడూ ఆయన పళ్ళ దగ్గరికే వచ్చి ఆగుతాను.

అన్నవి ఎత్తుపళ్ళు. ఆయనకంటే ముందు అవి ఇంట్లోకి వచ్చేవి. దానికి ఆయన ఏనాడూ సిగ్గుపడలేదు, బీడీ పెట్టుకోవడానికి వీలుగా ఉన్నాయనేవాడు. మా వదిన సీతమ్మకు కోపం వస్తే "ఆ పళ్ళు చూసి కూడా చేసుకున్నా, అది గుర్తుపెట్టుకో" అనేది. "పెళ్ళిచూపుల్లో నోరు మూసుకుని కూచున్నాగా, నువ్వెక్కడ చూశావు" అనేవాడు అన్న. అంతసేపు ఆయన నోరు మూసుకున్నాడంటే మా ఇంట్లో ఎవరూ నమ్మరు.

యాభై రెండేళ్ళ వయసులో ఆ పళ్ళను వెనక్కి జరిపించుకోవాలన్న కోరిక ఆయనకు లేదు. మా అమ్మాయి అర్చన కోసం ఒప్పుకున్నాడు.

అర్చన, పళ్ళు సరిచేసే డాక్టరు చదువులో పీజీ చేస్తోంది. ఆఖరి పరీక్షలో, తను వైద్యం చేసిన మనుషులను, పరీక్ష పెట్టే డాక్టర్ల ముందు కూర్చోబెట్టి చూపించాలి. అందులో పెద్ద వయసు కేసు ఒకటి ఉండాలని వాళ్ళ ప్రొఫెసరు గారు పట్టుబట్టారు. ఆ కేసుగా ఒప్పుకున్న బ్యాంకు ఉద్యోగి రెండు నెలలు తిరిగి, బదిలీ మీద వెళ్ళిపోయాడు. పరీక్షకు పద్నాలుగు నెలలుంది. పెద్దవాళ్ళ పళ్ళు జరగడానికి మామూలుగా రెండేళ్ళు పడుతుంది. ఇంకో మనిషి దొరక్కపోతే ఆ విడత పరీక్షకు కూర్చునే వీల్లేదు. ఇంటికొచ్చి ఈ సంగతి చెప్పి, అన్నం కలుపుకుని కూడా తినలేదు పిల్ల.

"ఆ మనిషి పళ్ళు ఎట్టుండాలి?" అన్నాడు అన్న.

"ఎత్తుగా ఉండాలి పెదనాన్నా."

అన్న నోరు మూసుకోబోయాడు. అది ఆయనకు కుదిరే పని కాదు. అర్చన చూసేసింది.

తను చేయబోయేది వివరంగా చెప్పింది. పైన రెండు పక్కలా ఒక్కో పన్ను తీసేసి, ఆ ఖాళీలోకి ముందు పళ్ళను తీగతో లాగుతారు. త్వరగా జరగడానికి కోరపన్ను పక్కన చిగురులోంచి ఎముకలోకి సన్నటి బెజ్జాలు వేస్తారు, పక్కకు మూడు. ఆ చిన్న గాయానికి ఎముక లోపల వాచి, మానే దాకా మెత్తగా ఉంటుంది. ఆ మెత్తదనంలో పన్ను జరుగుతుంది.

"బెజ్జాలు ఎవరేస్తారు?" అన్నాడు అన్న. మిగతాదంతా ఆయనకు అక్కర్లేదు.

"నేనే."

"ఇంతకుముందు ఎన్నేశావు?"

"ముగ్గురికి. మా మేడమ్ పక్కనే ఉంటారు."

"డ్రిల్లు బరువెంత?"

"అరచేతిలో పడుతుంది పెదనాన్నా."

అన్న మొహంలో ఆమె చదువు మీద గౌరవం కొంత తగ్గింది. "లోతు?"

"మూడు మిల్లీమీటర్లు. ఇంకోటి, దీనివల్ల కొందరికి తొందరగా జరుగుతుంది, కొందరికి పెద్ద తేడా ఉండదని కూడా రాశారు. ముందే చెబుతున్నా."

"రాయి కూడా అంతే" అని ఒప్పుకున్నాడు.

బీడీ మానేయాలంది, మానేశాడు. బీపీ, షుగరు పరీక్షలు చేయించింది, లేవు. "మందులేమైనా వాడుతున్నావా?" అని అడిగింది. "నాకు జొరమొచ్చి ఆరేళ్ళయింది. మందుల మొహం చూడలా" అన్నాడు. అర్చన కాగితం మీద 'లేవు' అని రాసుకుంది.

బెజ్జాలు వేసే రోజున నరసరావుపేటలో బస్సు మారి ఇద్దరం కాలేజీకి వెళ్ళాం. చిగురుకు మత్తు సూది పొడిచి, నోరు తెరిచి పట్టే క్లిప్పు పెట్టాక అన్నకు మాట పోయింది. చేతులు మాత్రం ఊరుకోలేదు. క్వారీలో డ్రిల్లు మోతలో మాట వినపడదు గనక వాళ్ళకు చేతి సైగలుంటాయి. అవన్నీ తీశాడు. అరచెయ్యి నిటారుగా నిలబెట్టి 'నిలువుగా పట్టు' అన్నాడు. రెండు వేళ్ళు ఎడం చేసి 'దగ్గరైపోతున్నాయి' అన్నాడు. ఆరో బెజ్జానికి బొటనవేలు పైకెత్తాడు. ఆ మేడమ్ నన్ను బయటికి పిలిచి, ఈయన ఎక్కడ పనిచేస్తారని అడిగింది.

తీగలు బిగించుకుని ఊళ్ళోకి వచ్చాక ఆయనకు మనశ్శాంతి లేదు. "ఏంది వెంకటప్పయ్యా, రెండో పెళ్ళా" అని క్వారీలో మేస్త్రి కృష్ణయ్య అడిగితే, "మీ వదినను అడిగి ముహూర్తం పెడతా" అన్నాడు. వదిన "పళ్ళకు కంచె వేయించావు, నాలుక్కి కూడా వేయించాల్సింది" అంది. గట్టివి కొరకొద్దని అర్చన చెప్పింది కదా, మేనమామ ఇంట్లో బొమిక కొరికి, తీగ పట్టడానికి పంటికి అంటించిన ఇనప బిళ్ళ ఒకటి ఊడగొట్టుకున్నాడు. దాన్ని జేబులో వేసుకుని బస్సెక్కి వెళ్ళి, "నీ సామాను ఊడొచ్చింది" అని అర్చన చేతిలో పెట్టాడు.

అసలు బాధ పళ్ళు జరగకపోవడం. అర్చన నెలనెలా కొలిచేది. మొదటి నెల వెంట్రుకవాసి. రెండో నెల కూడా అంతే. మూడో నెలకు ఆ పిల్ల మొహం పాలిపోయింది. బెజ్జాలు తప్పు చోట వేశానేమోనని ఎక్స్‌రేలు ముందేసుకుని కూర్చునేది. ముదురు ఎముక, అలాగే ఉంటుందన్నారు ప్రొఫెసరు గారు. ఇలాగే సాగితే పరీక్ష నాటికి సగం కూడా కాదు.

"మూడు మిల్లీమీటర్లకి ఏం కదుల్తదే" అన్నాడు అన్న. "ఇంకాస్త దించు. నేను కదలను."

తరవాత ఏ నెలో నాకు సరిగ్గా గుర్తులేదు. మిరపకాయలు కళ్ళాల మీద ఆరుతున్నాయి, అర్చన తుమ్ముతూ ఇంట్లోకి వచ్చింది, అదొక్కటే గుర్తు. ఆదివారం, సాయంత్రం వేళ. అన్న క్వారీ నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని అరుగు మీద కూర్చున్నాడు. వదిన టీ ఇచ్చింది. ఆయన చొక్కా జేబులోంచి ఒక బిళ్ళ తీసి నోట్లో వేసుకుని టీ తాగాడు. ముప్ఫై ఏళ్ళుగా అందరం చూస్తున్నదే. వదినా చూసింది, నేనూ చూశాను, మాకు ఏమీ అనిపించలేదు.

అర్చన మాత్రం లేచి నిలబడింది. "ఏం వేసుకున్నావు?"

"బిళ్ళ."

"ఏం బిళ్ళ?"

"ఏం బిళ్ళేంది, బిళ్ళే. ఒళ్ళునొప్పుల బిళ్ళ. పనికెళ్ళే వాళ్ళందరం వేసుకుంటాం. కొట్లో ఇస్తాడు."

"రోజూనా?"

"పని రోజూ ఉంటే రోజూ."

"మందులు వాడట్లేదన్నావు గదా పెదనాన్నా."

"ఇది మందేంది? మందంటే జబ్బు చేస్తే వేసుకునేది. నాకేం జబ్బు?"

అర్చన ఆ బిళ్ళల అట్టను వెలుతురులో పెట్టి చదివింది. చదివి అక్కడే అరుగు మీద కూలబడింది. ఎముకలో కావాలని తెచ్చిన వాపును ఈ బిళ్ళ పూటపూటకూ చల్లారుస్తోంది. ఆ పిల్ల పగలు రాజేసిన నిప్పు మీద మా అన్న సాయంత్రం నీళ్ళు పోస్తున్నాడు, అదీ మా కళ్ళముందే, టీతో.

"ఇది మానాలి" అంది. "నొప్పికి పారాసిటమాల్ ఇస్తా. అంత గట్టిగా పనిచెయ్యదు."

బీడీ మానమన్నప్పుడు నవ్వినవాడు, ఇప్పుడు భుజం పట్టుకుని చూసుకున్నాడు. "పరీక్షకి ఎన్ని నెలలుంది?"

"పది."

"సరే."

ఆ 'సరే' ఎంత పెద్దదో వారంలో తెలిసింది. ముప్ఫై ఏళ్ళ నొప్పి ఒక్కసారిగా ఇంటికొచ్చింది. పొద్దున్నే చొక్కాలో చెయ్యి దూర్చడానికి వదిన సాయం పట్టాలి. వేడినీళ్ళ కాపడం, ఆముదం పట్టు, మళ్ళీ కాపడం. కృష్ణయ్య దయతలచి, డ్రిల్లు మానేసి లారీల దగ్గర నిలబడమన్నాడు. అన్న ఒప్పుకోలేదు. మధ్యాహ్నం దాకా బెజ్జాలు వేసి ఇంటికొచ్చి గోడకానుకుని కూర్చునేవాడు. "ఒళ్ళు ఇట్టుంటదని మర్చేపోయా. ఇన్నాళ్ళూ ఎవరి ఒంటితో పనిచేశానో" అనేవాడు. ఒక రోజు జేబు తడుముకుంటుంటే వదిన పట్టుకుంది. అందులో ఉన్నది వేరుశనక్కాయలు. అవీ నిషేధమే, అయినా వదిలేసింది.

అర్చన మళ్ళీ ఆరు బెజ్జాలు వేసింది. ఈసారి అన్న సైగలు చేయలేదు. నెల తిరిగి కొలిస్తే పన్ను ఒక మిల్లీమీటరు దాటి జరిగింది. ఆ కొలత చెప్పడానికి అర్చన ఫోన్ చేస్తే అన్న, "నాకు తెలుసు. బువ్వ నములుతుంటే అడ్రసు మారినట్టుంది" అన్నాడు.

పరీక్షకు వారం ముందు ఇద్దరికీ గొడవ. కేసు కాగితంలో అర్చన మొదటి నెలలు వృథా అయిన సంగతి మొత్తం రాసింది, తను సరిగ్గా అడగకపోవడమే కారణమని కూడా.

"నేను అబద్ధం చెప్పానని రాయి. నాకేం పోయింది?" అన్నాడు అన్న.

"నువ్వు అబద్ధం చెప్పలేదు గదా."

"అది చూసి తప్పిస్తేనో?"

"తప్పిస్తే తప్పిస్తారు."

పరీక్ష గదిలో నేను లేను. అన్న నాకు ఇరవైసార్లు చెప్పాడు, చెప్పిన ప్రతిసారీ ఆ పరీక్షించే డాక్టరు కాస్త పొడుగయ్యేవాడు. కాగితం చదివి, ఆయన అన్న వైపు తిరిగాడట. "ఏమయ్యా, బిళ్ళ సంగతి డాక్టరుకు ఎందుకు చెప్పలేదు?"

"మీరు పొద్దున కాఫీ తాగొచ్చారు గదండీ. డాక్టరుకి చెప్పారా?"

అర్చన కళ్ళు మూసుకుందట. ఆయన కొంచెం సేపు అన్న మొహం చూసి, ఆమెను అడిగాడు, ఇప్పుడైతే ఏమని అడుగుతావని.

"చేసే పని ఏంటని ముందు అడుగుతున్నాను సార్. క్వారీ, మేస్త్రీ పని, హమాలీ అయితే, పని దిగాక ఏమేం మింగుతారని అడుగుతున్నా. చానామంది జేబులోంచి తీసి చూపిస్తున్నారు."

కంగారులో 'చానామంది' అనేసిందని తరవాత బాధపడింది. ఆ డాక్టరు అదేమీ పట్టించుకోకుండా కాగితం మీద ఏదో రాసుకుని, అన్నను నోరు మూయమన్నాడు. అన్న మూశాడు. పెదవులు కలిశాయి.

సాయంత్రం ఫలితం తెలిసింది. కాలేజీ మెట్ల మీద కూర్చున్న అన్న దగ్గరికి అర్చన పరుగున వచ్చి, పాసయ్యానంది. ఆ సంగతి తనకు ముందే తెలిసినట్టు తలూపి, "మరి తీగలు ఇప్పుడు తీస్తావా, రేపు తీస్తావా?" అన్నాడు.

"ఇంకా రెండు మిల్లీమీటర్ల ఖాళీ ఉంది. నాలుగు నెలలు పడుతుంది."

"నీ పరీక్ష అయిపోయిందిగా. ఇంక నా పళ్ళతో నీకేం పని?"

"అయిపోయింది నా పరీక్ష. నీ పళ్ళు కాలేదు" అంది అర్చన.

అన్న ఆమె వంక గుర్రుగా చూశాడు. ఇంటికొచ్చాక వదినతో, "పిల్ల గట్టిదేనే" అన్నాడు. ఆ నాలుగు నెలలూ ఒక్క నెల తప్పకుండా వెళ్ళాడు, బిళ్ళ లేకుండానే.