అత్తగారింటి దాకా ముప్పై కిలోమీటర్లు

అది 2023 మే నెల. ప్రభుత్వ జూనియర్ కళాశాలలో ఫిజికల్ డైరెక్టర్‌గా పదవీ విరమణ చేసిన తరువాత, వనపర్తి కళాశాల మైదానంలో పెద్దవాళ్లకు పరుగు నేర్పుతున్న రోజులవి. నా దగ్గరికి వచ్చేవారిలో టీచర్లు, దుకాణదారులు, ఒక బ్యాంకు ఉద్యోగి, ఒక దర్జీ ఉండేవారు. ఎవరు ఏ రోజు ఎంత దూరం పరుగెత్తారో రాసుకోకుండా నేను ఎవరికీ సలహా చెప్పను. "బాగానే ఉరుకుతున్న సార్" అనే మాటకు నా దగ్గర విలువ లేదు. ఎంత దూరం, ఎంత సేపు అన్నవే నేను అడుగుతాను.

వారిలో కురుమూర్తి అనే యువకుడు ఉండేవాడు. కాలిపోయిన వ్యవసాయ మోటార్లకు వైండింగ్ చేసే దుకాణంలో పని. వారానికి ఒక్క ఆదివారమే సెలవు. అంతకు ముందు సంవత్సరం హైదరాబాదులో మారథాన్‌కు, అంటే నలభై రెండు కిలోమీటర్ల పైచిలుకు పరుగుకు వెళ్లి, ముప్పై నాలుగో కిలోమీటరు దగ్గర కూలబడి అంబులెన్సులో తిరిగి వచ్చాడు. కారణం నాకు స్పష్టంగానే కనిపించింది. సాధనలో అతను ఒక్కసారి కూడా ఇరవై ఆరు కిలోమీటర్లు దాటలేదు. అందుకే ఈసారి ఒక షరతు పెట్టాను. పోటీకి మూడు వారాల ముందుగా ఒక్కసారైనా ముప్పై అయిదు కిలోమీటర్లు ఆగకుండా పూర్తి చేయాలి, లేకపోతే నేను పంపను. వారానికోసారి చేసే ఇటువంటి సుదీర్ఘమైన పరుగును మేము లాంగ్ రన్ అంటాము. చివరి మూడు వారాలు దూరం తగ్గించుకుంటూ కాళ్లకు విశ్రాంతినిచ్చే దశను టేపర్ అంటాము. పోటీ ఆగస్టు చివరి ఆదివారం.

చిక్కు ఇంటి నుంచి వచ్చింది. కురుమూర్తి భార్య రేణుకకు ఏడో నెల పడింది. తొలి కాన్పు కాబట్టి ఆనవాయితీ ప్రకారం ఆత్మకూరులోని తల్లిగారింటికి వెళ్లింది. ఆదివారం వస్తే భార్యను చూడటానికి వెళ్లాలి. ఆదివారమే లాంగ్ రన్. వరుసగా మూడు ఆదివారాలు అతను మైదానానికి రాలేదు.

"ఈ లెక్కన పోటీ కుదరదు కురుమూర్తీ" అన్నాను.

"పోకపోతె రేణుక ఏమనదు సార్. కాని నాకే మనసొప్పది" అన్నాడు.

నాలుగో వారం అతనే నవ్వుతూ వచ్చాడు. ఉపాయం రేణుకది. "ఆదివారం నువ్వు గ్రౌండు చుట్టు తిరిగితె ఏమొస్తది? గదే ఉరుకుడు మా ఇంటికి ఉరుకు" అని ఫోనులో చెప్పిందట. స్కూటర్ మీద వెళ్లి కొలిచి చూశాను. మైదానం గేటు నుంచి కొత్తకోట మీదుగా వారి వీధి మొదలు దాకా మీటరు ముప్పై కిలోమీటర్లు చూపించింది. ఇంతకంటే సరిపోయే దారిని నేను కూడా వెతికి పట్టుకోలేను.

జూన్ రెండో ఆదివారం తెల్లవారుజామున బయలుదేరాము. అతను ముందు, నీళ్ల సీసాలతో స్కూటర్ మీద నేను వెనుక. ఎండ ముదరక ముందే ఆత్మకూరు చేరుకున్నాము. ఆ తరువాత జరిగినది ఏ శిక్షణ పుస్తకంలోనూ ఉండదు.

పొద్దున్నే అల్లుడు బస్సూ బండీ లేకుండా, ఉత్త చేతులతో రొప్పుకుంటూ వీధిలోకి పరుగెత్తి వచ్చాడు. వెనుక ఎవరో పెద్దమనిషి స్కూటర్ మీద వస్తున్నాడు. ఆ వైపు అటువంటి రాకకు ఒకటే అర్థం. వియ్యాలవారింట్లో ఎవరికో ఏదో అయింది. వాకిలి ఊడుస్తున్న ఒకామె చీపురు పారేసి వెంటపడింది. మరో ఇద్దరు కలిశారు. అత్తగారు గడపలోనే కూలబడి తల మీద చేతులు పెట్టుకుంది.

"ఎవలకేమైంది బిడ్డా? దాయకు, చెప్పు. మీ అవ్వ మంచిగున్నదా?"

కురుమూర్తికి ఊపిరి ఆడక మాట రాలేదు. చెయ్యి ఊపాడు. ఆ చెయ్యి ఊపడంతో ఆమె ఏడుపు అందుకుంది. లోపలి నుంచి రేణుక నడుము పట్టుకుని మెల్లగా వచ్చింది.

"ఏం గాలేదమ్మా. నేనే ఉరికి రమ్మన్న."

"ఉరికి రమ్మన్నవా? బస్సులు బందైనయానే?"

మామగారు నర్సింహులు వరి రైతు. అల్లుణ్ణి వదిలేసి నా వైపు తిరిగారు. "సార్, మీరు చదువు చెప్పినోళ్లు. అల్లుడు అత్తగారింటికి లాగు మీద వస్తడా? చేతుల అరటిపండన్న లేకపాయె. రేపటికెళ్లి నా మొఖం ఎట్ల జూపియ్యాలె?"

దూరం గురించి, పోటీ గురించి నేను పావుగంట వివరించాను. ఆయన ఓపికగా విని, "అవన్ని నిజమే కావొచ్చు. కాని గిట్ల రావొద్దు" అన్నారు.

రేణుక తండ్రికి ఏం చెప్పిందో నాకు తెలియదు. మరుసటి ఆదివారం ఊరి బయట కల్వర్టు మీద ఆయన తన మోపెడ్ ఆపుకుని కూర్చుని ఉన్నారు. పక్కన రెండు సంచులు. ఒకదానిలో ఇస్త్రీ చేసిన ప్యాంటు, చొక్కా. రెండోదానిలో పొద్దున్నే ఆత్మకూరు బజారులో ఆయనే కొన్న బత్తాయిలు.

"ఆగు అల్లుడా. ఇగ ఇక్కడికెళ్లి నడువు. ముందుగాల ప్యాంటేసుకో. ఈ పండ్లు చేతుల వట్టుకో."

"మామా, మీరు కొన్న పండ్లు మీ ఇంటికే తెస్తున్ననా?"

"కొన్నదెవలని పండ్ల మీద రాసుంటదా? నడువు."

ఆ ఏర్పాటుతో వీధి శాంతించింది. నాకు మాత్రం మరో లాభం కనిపించింది. ఆయన ప్రతి వారమూ ఇంకాస్త ముందుకు వచ్చేవారు. జూలై మొదలయ్యేసరికి కొత్తకోట దాకా వచ్చి, ఉప్పు వేసిన పలుచటి రాగి అంబలి సీసాలో పట్టుకుని నిలబడేవారు. పేస్ అంటే ఒక్కో కిలోమీటరుకు పట్టే సమయమని ఒకసారి చెప్పాను, మళ్లీ అడగలేదు. పక్కన మోపెడ్ నడుపుతూ, "ఎనిమిది నిమిషాలకొచ్చినవు అల్లుడా. మా దున్నపోతు నయ్యం" అని ఎత్తిపొడిచేవారు. కురుమూర్తి పళ్లు బిగించి ఏడుకు దింపేవాడు.

జూలై మధ్యలో ముప్పై అయిదుకు సిద్ధమయ్యాము. మైదానంలో అయిదు ముగించి రోడ్డెక్కాడు. కొత్తకోట ఇంకాస్త దూరం ఉందనగా ఎదురుగా ఒక ఆటో వచ్చి ఆగింది. డ్రైవరు పక్కన నర్సింహులు, వెనుక రేణుక, ఆమె తల్లి. డాక్టరు చెప్పిన గడువుకు రెండు వారాల ముందే నొప్పులు మొదలయ్యాయి. వనపర్తి దవాఖానకు తీసుకువెళ్తున్నారు.

రేణుక నొప్పి ఆపుకుంటూ భర్తను అడిగిన మొదటి మాట, "ఎన్నైనయ్?"

"పందొమ్మిది."

"ఇంక పదహారే గదా."

"నోరు మూసుకోయే నువ్వు. ఎక్కు బిడ్డా" అంది తల్లి. అతను అప్పటికే ఎక్కాడు.

నర్సింహులు దిగి నా స్కూటర్ వెనుక కూర్చున్నారు. కొంత దూరం పోయాక అడిగారు.

"సార్, ఇయ్యాలటిది లెక్కకొస్తదా?"

"రాదండీ."

"బిడ్డ పుట్టేటప్పుడు గూడానా? జర జూడున్రి."

"పోటీలో ఆ చివరి కిలోమీటర్లు ఎవరి కోసమూ తగ్గవు నర్సింహులుగారూ. నిరుడు వాటి దగ్గరే పడిపోయాడు."



సోమవారం తెల్లవారుజామున పాప పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. తరువాతి వారాలు కురుమూర్తివి సాధనకు పనికొచ్చేవి కావు. వాళ్లు ఆత్మకూరు వెళ్లాక, దుకాణం మూయగానే బస్సెక్కేవాడు. పాపను భుజాన వేసుకుని తిప్పేవాడు. మొదటి బస్సుకు తిరిగి వచ్చి మోటార్లు విప్పేవాడు. కళ్ల కింద నలుపు చూసి వారం మధ్య పరుగులను రెండుకు తగ్గించాను. కాని నా షరతు తీరడానికి ఇక ఒక్క ఆదివారమే మిగిలింది, ఆగస్టు మొదటిది. ఆ రోజే పాపకు ఇరవై ఒకటో దినం. తొట్టెల వేసి పేరు పెట్టే పండుగ. బంధువులంతా వస్తారు.

కురుమూర్తి మైదానానికి వచ్చి నిలబడ్డాడు. "ఇడ్సిపెడ్త సార్. ఇగ పిల్లతోని పని ఏడాదేడాదికి ఎక్కువే అయితది గని తక్కువ గాదు. నాకు రాసిపెట్టి లేదనుకుంట."

అతని ఫోను మోగింది. రేణుక. నాకివ్వమంది.

"సార్, తొట్టెల పదకొండుకు. ఆయన నాలుగింటికి మొదలువెడితె ఎనిమిదికొస్తడు. తానం జేసి పీట మీద కూసుంటడు. దీంట్ల పరేషానేంది?"

"చుట్టాలు ఏమంటారో అమ్మా."

"నిరుడు ఆయన అంబులెన్సుల వచ్చిన నాడు గూడ అన్నరు సార్. అనేటోళ్లు ఎట్లైన అంటరు."

లెక్క వేసి చూశాను. ఆమె చెప్పిన సమయం సరిగ్గా ఉంది.

ఆ ఆదివారం సన్నటి ముసురు. మైదానంలో అయిదు ముగించి రోడ్డెక్కాడు. కొత్తకోట హైవే దాటేదాకా అడుగు తడబడలేదు. కాని కల్వర్టుకు కాస్త ముందు అతని భుజాలు వంగాయి, తల వాలింది. అంతకు ముందు ఏడాది పోటీలో కూలబడే ముందు కూడా ఇలాగే ఉన్నాడని అతనితో పరుగెత్తినవారు చెప్పి ఉన్నారు. మోపెడ్ ఎక్కడా కనిపించలేదు. నర్సింహులుగారు బంధువుల ముందు ఇబ్బందిపడి రాలేదనుకున్నాను.

మలుపు తిరగగానే డప్పుల చప్పుడు వినిపించింది.

తొట్టెలకు మాట్లాడుకున్న డప్పులవాళ్లను ఆయన మూడు గంటల ముందే పిలిపించి ఊరి బయటికి తెచ్చారు. వాళ్ల వెనుక తలపాగాలతో చుట్టాలు, గొడుగులతో ఆడవాళ్లు. ఆయన చేతిలో సంచి లేదు.

"ప్యాంటేది మామా?" రొప్పుతూనే అడిగాడు కురుమూర్తి.

"ఇయ్యాల లాగు మీదనే రా. అందరు చూడని. ఆగకు, ఆగితె సార్ లెక్కల రాయడు."

డప్పులు ముందు, అతను వెనుక. వంగిన భుజాలు లేచాయి. డప్పులవాళ్లు పరుగెత్తుతూ వాయించవలసి వచ్చింది. వాళ్లలో పెద్దాయన, "జర మెల్లగ పో అల్లుడా, మాకు గింత అలవాటు లేదు" అన్నాడు. వీధి మొదట్లో నా మీటరు ముప్పై అయిదు పూర్తి చేసింది. రేణుక పాపను ఎత్తుకుని గడపలో నిలబడి ఉంది. పదకొండుకు అతను స్నానం చేసి పీట మీద కూర్చుని కూతురికి పేరు పెట్టాడు. వైష్ణవి.

ఆగస్టు చివరి ఆదివారం హైదరాబాదుకు నాతో నర్సింహులుగారు వచ్చారు. కురుమూర్తి నాలుగు గంటల యాభై రెండు నిమిషాలలో, నడవకుండా, తల ఎత్తి గీత దాటాడు. మెడలో పతకం వేసుకుని అల్లుడు వస్తుంటే ఆయన నన్ను పక్కకు పిలిచారు.

"ఎన్నో నంబరొచ్చిండు సార్?"

"చాలా వెనుక. ముందు వందల మంది ఉన్నారు."

"ఆయన ఎనుక?"

"వెనుకా వందల మంది ఉన్నారు."

"గదే అడిగిన" అని తృప్తిగా తలపాగా సర్దుకున్నారు.

ముప్పై ఏళ్లకు పైగా నేను దూరాన్ని, సమయాన్ని నమ్ముకుని పని చేశాను. ఇప్పటికీ వాటినే నమ్ముతాను. ముప్పై నాలుగును ముప్పై అయిదని రాయను. అయితే ఆ దూరాన్ని పూర్తి చేయించేది పరుగెత్తేవాడి కాళ్లు మాత్రమే కాదని, ఆ ఇల్లు మొత్తమని ఈ అనుభవం నాకు నేర్పింది. రేణుక దారి చూపింది, నర్సింహులుగారు అంబలి పట్టుకుని నిలబడ్డారు, నేను చేసింది కొలవడమే. అప్పటి నుంచి మారథాన్ కోసం ఎవరైనా కొత్తగా వస్తే వారి కాళ్లకంటే ముందు వారి ఇల్లు చూస్తాను. ఆదివారం వారి కోసం ఎవరు ఎదురుచూస్తారో అడిగి, ఆ మనుషులను కూడా కూర్చోబెట్టుకుని మాట్లాడాకే మొదటి కిలోమీటరు పరుగెత్తిస్తాను.