ఏ మేకుకు ఏ ఇల్లు

మా మావయ్య చందాల కోసం ఇంటర్నెట్‌లో ఒక పేజీ పెట్టాడనీ, పద్దెనిమిది రోజులైనా అది ఉలకడం పలకడం లేదనీ అత్తయ్య ఫోన్ చేసి చెప్పింది. చెప్పింది చందా ఇమ్మని కాదు, వచ్చి చూడమని. నేను అచ్చాఫీసులో కరపత్రాలకూ విజిటింగ్ కార్డులకూ డిజైన్లు చేస్తాను కాబట్టి, పేజీ అన్న మాట ఎక్కడ వినపడినా అది నా పనేనని మావాళ్ళ నమ్మకం. అదీగాక, ఎవరింట్లో ఏం జరుగుతోందో తెలుసుకోకపోతే నాకు తిన్నది అరగదు. ఆ సంగతీ మావాళ్ళకు తెలుసు.

మావయ్య లేత్ మీద చెక్కను తిప్పి చెక్కే మనిషి. కుర్చీ కాళ్ళు, మెట్ల పక్కన వరసగా నిలబెట్టే కొయ్యలు, చేతికర్రల పిడులు, ఉయ్యాల బద్దలు. ముప్పై నాలుగేళ్ళుగా అదే గది, అదే యంత్రం. ఆర్నెల్ల కిందట ఆ యంత్రం అడుగున ఉన్న పోత ఇనుము దిమ్మ చీలింది. పోత ఇనుముకు వేసిన అతుకు నిలవదని మెకానిక్ తేల్చేశాడు. పొట్టి ముక్కలు ఎలాగో తిరిగేవి గానీ, మూరెడు దాటిందంటే యంత్రం మొత్తం వణికిపోయి ముక్క ఎగిరి మొహం మీదికొచ్చేది. కొత్త లేత్ కొనే స్తోమతు లేదు. కొనకపోతే గదికి తాళం వేసి, ఫర్నిచర్ ఫ్యాక్టరీలో బల్లలకు నునుపు కోసం ఉప్పుకాగితం రుద్దే పనికి వెళ్ళాలి. వాళ్ళు ఒకటో తారీఖు నుంచి రమ్మన్నారు. పేజీ గడువు దానికి ముందురోజు. ఆలోగా అనుకున్న మొత్తం నిండకపోతే ఇచ్చినవాళ్ళ డబ్బు ఇచ్చినవాళ్ళకే తిరిగి వెళ్ళిపోతుంది, మావయ్యకు చిల్లిగవ్వ రాదు. ఇంకా పన్నెండు రోజులుంది.

నాకు వింతగా తోచింది ఫ్యాక్టరీ కాదు, మావయ్య దానికి ఒప్పుకున్న తీరు. వాళ్ళు అడిగారట, ఈయన సరేనన్నాడట. బేరం లేదు, బాధ లేదు. ఉలికి పదును తగ్గితేనే ఆ పూట అన్నం సయించని మనిషి, ఉలినే వదిలెయ్యమంటే తల ఎలా ఊపాడు? అది తెలుసుకోకుండా ఆ ఇంటి నుంచి కదిలేది లేదనుకున్నాను.

ముందు పేజీ చూశాను. పైన పెద్ద అక్షరాలతో "నాణ్యమైన చెక్క వస్తువులు, సరసమైన ధరలు" అని ఉంది. చందా అడిగేవాడికి ధరల గొడవెందుకో! కింద ఆరు నిమిషాల వీడియో. అందులో మావయ్య వీపు, లేత్ రొద తప్ప మరేమీ లేవు. ఐదో నిమిషంలో ఒకసారి తుమ్మాడు. చందా ఇచ్చినవాళ్ళకు చెక్క గిన్నె బహుమతి అని ఫోటో పెట్టారు. ఇచ్చినవాళ్ళు మొత్తం పదకొండు మంది. అందులో ఎనిమిది మంది చుట్టాలు, ఒకరు మారుపేరుతో అత్తయ్యే.

"గిన్నెలు ఎప్పట్నుంచి చేస్తున్నావు మావయ్యా?" అని అడిగాను.

"ఈ పేజీ కోసమే చేశా. నెట్‌లో అందరూ అవే పెడుతున్నారు."

"మరి నువ్వు రోజూ చేసేవి?"

"విరిగిన కాలుకి బదులు ఇంకో కాలు. అందులో చూపించడానికేముందే?"

ఆ తర్వాత రెండు రోజులు పనిలో సెలవు పెట్టి ఆ గదిలో ఒక మూల పీట వేసుకుని కూర్చున్నాను. నేలంతా చెక్క పొట్టు. తలుపు పక్కన ఉలులు, పొడుగును బట్టి వరసగా. ఎదురుగోడ నిండా మేకులు, ఒక్కో మేకుకు ఒక్కో సన్నటి కర్ర. ఎంత గోడ ఉందో అన్ని కర్రలు. ఏమిటవి అంటే "కొలత కర్రలు" అని ఊరుకున్నాడు. మావయ్య దగ్గర మాట రాబట్టడం కంటే మొద్దులోంచి మేకు పీకడం తేలిక.

రెండోరోజు ఒకాయన విరిగిన కుర్చీ కాలు కాగితంలో చుట్టి తెచ్చాడు. మావయ్య దాన్ని విప్పను కూడా లేదు. ఆయన మొహం చూసి, తిన్నగా గోడ దగ్గరికెళ్ళి, కిటికీకి కాస్త కుడివైపున్న ఒక కర్ర తీసుకొచ్చాడు. అప్పుడు కాగితం విప్పి దాన్ని కాలు పక్కన పెట్టాడు. ఎక్కడ ఉబ్బుందో, ఎక్కడ గాడి ఉందో కర్ర మీద పెన్సిల్ గీతలున్నాయి, కాలుకు సరిగ్గా సరిపోయాయి. వెనకవైపు మందాలు అంకెల్లో రాసి ఉన్నాయి. "మీ నాన్నగారి హయాంలో ఎడమ కాలు చేశా. ఇది కుడిది," అన్నాడు. ఆయన ఎప్పుడిస్తావని అడిగితే మాత్రం మావయ్య చీలిన దిమ్మ వైపు చూసి, "ఒకటో తారీఖు దాటాక కనుక్కోండి," అన్నాడు. నాకు ప్రాణం ఉసూరుమంది.

ఆయన వెళ్ళగానే కర్రలు లెక్కపెట్టాను. మూడు వందల ఆరు. అంటే మూడు వందల ఆరు ఇళ్ళ కుర్చీలు, బల్లలు, ఉయ్యాలలు ఈ గోడ మీద ఉన్నాయన్నమాట. గిన్నెలు ఏ దుకాణంలోనైనా దొరుకుతాయి, ఈ గోడ ఎక్కడ దొరుకుతుంది? ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మావయ్య ఇంట్లో ఉన్నదాన్ని వదిలేసి రచ్చ కోసం గిన్నెలు తిప్పుతున్నాడు.

మర్నాడు ఆయన దుంగలు చూసుకోవడానికి కలప డిపోకు వెళ్ళాడు. నేను ఆ గోడకు మంచి ఫోటో తీయాలని నడుం కట్టాను. కర్రలన్నీ దించి, దుమ్ము దులిపి, తెల్లటి దుప్పటి మీద పొట్టిదాని నుంచి పొడుగుదాని వరకు వరసగా పేర్చాను. ఎంత అందంగా వచ్చిందో! అదే వరసలో మళ్ళీ గోడకు తగిలించాను, దువ్వెన పళ్ళలా తీరుగా. అత్తయ్య కూడా చూసి బాగుందంది. ఇద్దరం తలుపు దగ్గర నిలబడి మావయ్య కోసం ఎదురుచూశాం.

మావయ్య వచ్చాడు. గోడ చూశాడు. చెప్పులు విప్పడం సగంలో ఆపేశాడు.

"మన వీధి ఏదే?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"కిటికీ దగ్గర బడి. దాని పక్కన టైలరు. తలుపు దాకా మన వీధి. అటుపక్క ఆస్పత్రి రోడ్డు. ఏ ఇల్లు ఎక్కడుందే ఇప్పుడు?"

అప్పుడు తెలిసింది. కర్రల మీద ఎవరి పేరూ లేదు. పేరు రాయాల్సిన అవసరం ఆయనకెప్పుడూ రాలేదు. ఊళ్ళో ఇళ్ళు ఎలా ఉన్నాయో గోడ మీద మేకులు అలా ఉండేవి. ఎవరైనా ఇల్లు మారితే, ఆ సాయంత్రం వాళ్ళ కర్రను కూడా తీసి కొత్త మేకుకు మార్చేవాడట. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, ముప్పై నాలుగేళ్ళ ఊరిని నేను ఒక్క పూటలో పొడుగు ప్రకారం సర్దేశాను.

మావయ్య నిలబడి ఒక్కో కర్రా తీసి చూశాడు. ఇరవై మూడు గుర్తుపట్టాడు. ఇరవై నాలుగో దాని దగ్గర చెయ్యి ఆగిపోయింది. కాసేపు చూసి దాన్ని ఎక్కడున్నదక్కడే పెట్టేసి, "పోన్లే. ఎలాగూ మూసేసేదేగా," అన్నాడు.

నేను వంటగదిలో కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాను. సిగ్గేసింది, భయమేసింది. అత్తయ్య కాసేపు చూసి విసుక్కుంది.

"ఏడ్చింది చాల్లేవే. ఎవరి కర్రో ఆయనకు తెలీకపోతే, కుర్చీ ఉన్నవాళ్ళకు తెలుస్తుందిగా. అడగండి. అడగందే అమ్మైనా పెట్టదు."

అత్తయ్య ఇలా అప్పుడప్పుడూ ఒక మాట అని, తాను ఏమన్నదో కూడా పట్టించుకోకుండా గిన్నెలు తోముకుంటుంది.

ఆ రోజే పేజీ మొత్తం చెరిపి మళ్ళీ రాశాను. నాణ్యత, సరసం, ఆరు నిమిషాల వీపు, గిన్నెలు అన్నీ పోయాయి. వాటి బదులు జరిగింది జరిగినట్టు రాశాను: ఇది మీ ఇళ్ళ గోడ, దీన్ని కలగాపులగం చేసింది ఆయన మేనకోడలినైన నేను, ఏ కర్ర ఎవరిదో మీరే చెప్పాలి. ఒక్కో కర్రకు ఒక నంబరు వేసి, పక్కన స్కేలు పెట్టి, మూడు వందల ఆరు ఫోటోలు తీశాను. మీ కుర్చీ కాలు పక్కన పెట్టి చూసుకోండి, పోలిక దొరికితే పట్టుకురండి అన్నాను. చందా ఇచ్చినవాళ్ళకు గిన్నె కాదు, వాళ్ళింట్లో ఎప్పుడు ఏ కాలు విరిగినా ఒకటి ఉచితం, కర్ర మీద వాళ్ళ పేరు. అచ్చాఫీసులో మా యజమానిని బతిమాలి, కర్రలన్నిటినీ అసలు పొడుగులో అచ్చువేయించి గది షట్టరు మీద అతికించాను.

"మన తప్పు నలుగురికీ చెప్పుకుంటామా?" అన్నాడు మావయ్య.

"తప్పు నాది. చెప్పుకునేది నేను. నీకేంటి నొప్పి?"

ఒక రోజంతా ఎవరూ రాలేదు. రెండోరోజు పొద్దున్న టైలరమ్మ తాను కూర్చునే స్టూలును చంకన పెట్టుకుని వచ్చింది. షట్టరు మీది కాగితాలకు ఆనించి చూసి, "ఎనభై ఎనిమిది నాదే!" అని కేకేసింది. ఆ కేకకు పక్క కొట్లవాళ్ళు వచ్చారు. ఇక మొదలైంది. కుర్చీలను సైకిళ్ళ వెనక కట్టుకుని కొందరు, నెత్తిన పెట్టుకుని కొందరు వచ్చారు. లాటరీ టికెట్లు చూసుకున్నట్టు నంబర్లు చూసుకునేవారు. తమది కాదని తేలినవాళ్ళు కూడా, మరెవరిదో తేలేదాకా కదిలేవారు కాదు. వేరే ఊరు వెళ్ళిపోయినవాళ్ళు ఉయ్యాల బద్ద పక్కన టేపు పెట్టి ఫోటోలు పంపారు. నాలాంటి ఆరాల జబ్బు ఊళ్ళో ఇంతమందికి ఉందని నాకు అంతవరకు తెలియదు. పేజీలో చందా ఇచ్చినవాళ్ళ లెక్క కూడా పెరిగింది: పదకొండు డెబ్బై అయింది, డెబ్బై నూట నలభై అయింది.

మావయ్య మాత్రం పేజీ వైపు చూడలేదు. వచ్చిన కుర్చీనల్లా తలకిందులు చేసి, నాలుగు కాళ్ళనూ బొటనవేలితో తడిమేవాడు. "ఇందులో నేను చేసింది ఏదండీ?" అని అడిగేవాడు. వాళ్ళు తెలియదనేవారు. చేయించింది మా అత్తగారు, మా పెద్దన్నయ్య, అంతకుముందు అద్దెకున్నవాళ్ళు అనేవారు. ఆయన టార్చి వేసి చూసేవాడు, గోటితో గీకేవాడు. ఒక్కటీ పట్టుకోలేకపోయాడు. పట్టుకోలేకపోయిన కొద్దీ ఆయన మొహంలోకి ఎన్నడూ చూడని వెలుగు వచ్చింది. అదెందుకో నాకు అంతుపట్టలేదు.

చివరి రోజు మధ్యాహ్నానికి ఇంకా పదో వంతు తక్కువుంది. ఆ సమయంలోనే రిటైరైన హెడ్మాస్టరుగారు భోజనాల బల్లనూ ఆరు కుర్చీలనూ వ్యాన్‌లో వేసుకుని దిగారు. రెండు వందల పన్నెండో నంబరు. మావయ్య కుర్చీలన్నీ బోర్లించి, బల్ల కింద దూరాడు. వ్యాన్‌ను చూసి వీధి మొత్తం పోగై, చాలామంది అక్కడే ఫోన్లలో పేజీ తెరిచారు. సాయంత్రం నాలుగున్నరకు ఫోన్‌లో పేజీ తెరిచాను. కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాను.

"మావయ్యా! నిండింది!"

"ఉండవే. ఈ కాలొకటి చూడనీ."

"లేత్ వస్తోంది మావయ్యా. రేపు ఫ్యాక్టరీకి వెళ్ళక్కర్లేదు."

బల్ల కింద టార్చి ఆరిపోయింది. చాలాసేపటికి బయటికొచ్చి, బోర్లించిన కుర్చీల మధ్య నేల మీదే కూర్చున్నాడు. ఏడుస్తున్నాడు. ఆయన ఏడవగా చూడటం నాకదే మొదటిసారి. ఇక ఆగలేక అడిగేశాను.

"ఇంత ప్రాణం పెట్టుకున్నవాడివి, ఫ్యాక్టరీ వాళ్ళు అడగ్గానే సరేనన్నావెందుకు?"

"ముప్పై నాలుగేళ్ళు చేశానే. చేసిందాన్ని మళ్ళీ ఒక్కటంటే ఒక్కటి చూడలేదు. నా దగ్గరికొచ్చేది విరిగిందేగా. నిలబడింది ఎందుకొస్తుంది? జనం అన్నీ పారేసి ప్లాస్టిక్‌వి కొనుక్కున్నారనుకున్నా. ఎవరికీ అక్కర్లేని పని వదిలేస్తే ఏం పోయిందిలే అనుకున్నా. తీరా చూస్తే, ఏది నాదో నాకే తెలీనంతగా కలిసిపోయి నిలబడున్నాయి."

హెడ్మాస్టరుగారు గొంతు సవరించుకుని, మొహమాటంగా అన్నారు.

"బాబూ, కాలు తర్వాత వెతుక్కోవచ్చు గానీ, కుర్చీలు ఇప్పించేస్తావా? మధ్యాహ్నం నుంచీ ఇంట్లో అందరూ నిలబడే తింటున్నారు."

మావయ్య ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూశాడు. కళ్ళు తుడుచుకుని గబుక్కున లేచి, రెండేసి కుర్చీలు చొప్పున తానే మోసుకెళ్ళి వ్యాన్‌లో పెట్టాడు.