సూదులు కరిచిన దవడ

మా అమ్మమ్మ దర్జీ. గుండుసూదులన్నీ ఎడమవైపు పళ్ళతో కరిచిపట్టి, మిగిలిన సగం నోటితో దుకాణానికి వచ్చినవాళ్ళకు చీవాట్లు పెట్టేది. ఏళ్ళ తరబడి అలా కరవగా కరవగా పళ్ళు పక్కకు జరిగి, దవడలు సరిగ్గా కలవక, ముద్ద నమలడమే కష్టమైంది. పళ్ళ డాక్టరమ్మ వాటిని వెనక్కి జరిపే తీగ కట్టి చెప్పింది: "ఎముక రాయి కాదండీ. పన్ను నొక్కిన వైపు కరుగుతుంది, వదిలిన వైపు కొత్తది పెరుగుతుంది. ఆ కొత్తది గట్టిపడేదాకా నోట్లో సూది పెట్టారో, కథ మళ్ళీ మొదటికొస్తుంది."

అమ్మమ్మ తలూపింది గానీ, ఆమె చేతికి నోటి దారి తప్ప ఇంకో దారి తెలియదు. మర్నాడు ఒకాయన కోటు భుజం సరిచేస్తుంటే సూది పెదవి దాకా వెళ్ళి ఆగింది. అమ్మమ్మ దాన్ని దించి, గుమ్మంలో పేపరు చదువుకుంటున్న తాతయ్యను పిలిచింది. ఆయన్ని తన కుట్టుబల్ల దగ్గరికి రానివ్వడం అదే మొదటిసారి.

"ఈ సూదులు పట్టుకోండి."

"నోట్లో పెట్టుకోనా?"

"పెట్టుకోండి. మీకు జరగడానికి పళ్ళెక్కడున్నాయి గనక."

తాతయ్య బుద్ధిగా అరచెయ్యి చాపాడు. అమ్మమ్మ అటు చూడకుండానే ఒక్కో సూదీ తీసుకుంటూ కోటు పని ముగించింది. కోటాయన వెళ్ళాక తాతయ్య మెల్లగా అడిగాడు, "ఇంక పేపరు చదువుకోనా?"

"ఎముక గట్టిపడనివ్వండి," అంది అమ్మమ్మ, ఇంకో చొక్కా బల్లమీద పరుస్తూ.