నిలిచిన పొర

మా సార్ పోయారు. ఆదివారం ఉదయం పక్కింటివాళ్ల ఫోన్‌కు కబురు వచ్చింది. మా పాత టెక్నీషియన్ అల్వాల్ నుంచి చేశాడు. "సార్ పోయిన్రు మేడం. సాయంత్రం బొల్లారంల మట్టి ఇస్తరట. మీరు సుత రావాలె" అన్నాడు. వస్తానన్నాను గానీ, కాప్రాలో బస్సు ఎక్కేదాకా నాకు వెళ్లాలని లేదు.

సికింద్రాబాద్‌లో చిప్పులు తయారుచేసే ఒక చిన్న కంపెనీ ల్యాబులో ఆయన మాకు పెద్ద. చిప్పు మీద వెంట్రుక కన్నా సన్నని లోహపు గీతలుంటాయి. అవి ఒకదానికొకటి తగలకుండా మధ్యలో కరెంటు పారని పొర వేయాలి. ఆ పొరకు కావలసిన పాలిమర్ ద్రవాన్ని బయటి దేశాల నుంచి కొనకుండా మనమే వండాలని ఆయన పట్టు. తేనెలాంటి ఆ ద్రవాన్ని సిలికాన్ పలక మీద పోసి, గిర్రున తిప్పి, ఓవెన్‌లో మెల్లగా కాల్చేవాళ్లం. అది కాలుతున్నంతసేపూ సార్ చర్చి పాటలు కూనిరాగం తీసేవారు. "గోడ గురించి ఎవరూ మాట్లాడరమ్మా, కూలిందాకా" అనేవారు. నలుసు పడినా పలక పాడవుతుందని నా తలలో పూలు తలుపు దగ్గరే తీయించేవారు. సాయంత్రం చూస్తే అవి గ్లాసులో, నీళ్లలో ఉండేవి.

వానాకాలం వస్తే మా పని చెడేది. గాలిలో తడి పీల్చుకుని పొర లేచిపోయేది. అలాంటి రోజుల్లోనే నాకు బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. చెబితే సార్ చేతిలోని పలకను ఓవెన్‌లో పెట్టి వచ్చారు. తర్వాత, "ఉండండమ్మా. ఇది మన చేతుల్లోనే నిలబడుతుంది. అప్పుడు ఈ పనంతా మీదే" అన్నారు. ఇంట్లో ఎంత చెప్పినా వినకుండా ఉండిపోయాను.

నిజంగానే నిలబడింది. ఆవిరిలో పెట్టి తీసిన పలకకు టేపు అంటించి లాగితే పొర కదల్లేదు. సార్ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. అందరికీ చాయ్, బిస్కెట్లు తెప్పించారు.

ఆ నెలలోనే లారీలో విదేశీ డబ్బాలు దిగాయి. అదే ద్రవం. కొనమని పైవాళ్లకు సలహా ఇచ్చింది సారేనని, అదీ వానలు షురూ కాకముందేనని టెక్నీషియన్ చెప్పాడు. నమ్మలేక సార్ గదికి వెళ్లి అడిగాను. ఆయన కాదనలేదు.

"నన్ను ఉండమన్ననాటికే మీకు తెలుసా సార్?"

"తెలుసు. చెబితే మీరు వెళ్లిపోతారు. ఒక్కసారైనా అది నిలబడటం చూడాలనుకున్నానమ్మా."

ఆయన చూసుకున్నారు. బెంగళూరు ఉద్యోగం అప్పటికే వేరేవాళ్లకు వెళ్లిపోయింది. నేను విదేశీ డబ్బాలు తెరిచి పరీక్షించే పనిలో పడ్డాను. ఆయన రిటైరయ్యేదాకా పనిమాట తప్ప మా మధ్య మాట లేదు. నాకు చేతనైన విద్యంతా ఆయన పక్కన నిలబడి నేర్పిందే. పరాయివాడెవడో చేసి ఉంటే ఎప్పుడో మరిచిపోయేదాన్ని.

సమాధి దగ్గర ఆయన భార్యను మొదటిసారి చూశాను. నా పేరు చెప్పగానే ఆమె ముఖం విప్పారింది.

"నువ్వేనా అమ్మా? బెంగళూరు నుంచి ఎప్పుడొచ్చావు? అక్కడ పెద్ద ఉద్యోగంలో ఉన్నావని ఎప్పుడూ చెప్పేవారు."

పొద్దున్నే వచ్చానన్నాను.

అప్పుడే పిడికెడు మట్టి వేసి వచ్చిన చేత్తో ఆమె నా చేయి పట్టుకుంది. పాట మొదలైంది. పాట అయిపోయి జనం కదులుతున్నా వదల్లేదు. మా అరచేతుల మధ్య ఆ ఎర్రమట్టి చెమటకు తడిసి మెత్తబడుతోంది.