రాని కొమ్ములు

మనవరాలు కుక్కరు మూత తీయగానే ఉడికిన ఉలవల వాసన గుప్పుమంది. నా చెయ్యి దానంతటదే నుదుటి మీదికి పోయింది.

అప్పుడింకా తెల్లదొరల కాలం. అహోబిలం దగ్గర మా ఊరు. నల్లమల మీంచి చలిగాలి దిగిందంటే ఇంటింటా దగ్గే. ముందటేడు ఆ దగ్గుతోనే నేను చావు తప్పి బతికాను. అందుకే ఆ ఏడు చలి మొదలవగానే మా అవ్వ, ఎద్దులకు ఉలవలు ఉడకేసిన కుండలోంచి కట్టు వంచి, మిరియాలూ వెల్లుల్లీ దంచి వేసి నా ముందు పెట్టింది.

"ఎద్దుల కూడు నాకొద్దు," అన్నాను.

"ఎద్దు దగ్గేది యాడన్నా సూసినావా పాపా? దాని బలం నీకొస్తాది, తాగు."

బలం వస్తే కొమ్ములూ వస్తాయనుకున్నాను. భయం వేయలేదు, శానా గర్వమేసింది. గుటగుటా తాగేసి, పక్కింటి ఫాతిమా దగ్గరికి పరిగెత్తి నుదురు చూపించాను. దోమ కుట్టిన బుడిపెను అది తడిమి చూసి, "వస్తాండాది మే!" అంది.

మర్నాడు తనూ గిన్నె పట్టుకుని మా కొట్టం ముందు నిలబడింది.

"నీకేం కావల్ల పాపా?" అంది అవ్వ.

"కొమ్ములు."

అవ్వ నవ్వలేదు. గిన్నె నిండా పోసింది.

ఆ చలికాలమంతా మా వీధిలో దగ్గకుండా తల ఎగరేసుకుని తిరిగింది మేమిద్దరమే. వానల్లేని ఆ ఏడు ఇంట్లో ఎద్దుల గింజలే మిగిలాయని నాకు పెద్దయ్యాక తెలిసింది. పోసేటప్పుడు అవ్వ ముఖంలో ఆ లేమి ఎన్నడూ కనిపించలేదు.

ఫాతిమా ఇప్పటికీ కనిపిస్తే, కుశలం అడగకముందే నా నుదురు తడుముతుంది.